గొళ్ళెం గారి హోటల్ భయం

పళ్ళ డాక్టరంటే లోకమంతా భయపడుతుంది. ఆ డాక్టర్లకు కుర్చీలు తయారుచేసే కంపెనీలో తల నెరిసేదాకా పనిచేసిన గొళ్ళెం గారికి మాత్రం ఆ భయం లేదు. ఆయన భయమల్లా ఒక్కటే, హోటల్ గది. పరాయి ఊళ్ళో హోటల్లో పడుకోవాలంటే చాలు, ఆ పెద్దమనిషికి పైప్రాణాలు పైనే పోయేవి. తలుపు గొళ్ళెం లాగి, తోసి, మళ్ళీ లాగి చూసుకుంటేగానీ చెప్పులు విప్పేవారు కాదు. ఆయన అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎదురుగా ఉంటే సర్వీస్ మేనేజర్ గారు, అటు తిరిగితే గొళ్ళెం గారు. ఆ రెండో పేరు ఆయనకీ తెలుసు. పొరపాటున ఎవరైనా మొహం మీదే పిలిచేస్తే శుభ్రంగా పలికేవారు కూడా.

కుర్చీ అమ్మేయగానే ఆ కంపెనీ పని అయిపోదు. ఊరూరా వెళ్ళి కుర్చీ బిగించాలి, పైన దీపం సరిచేయాలి, పుక్కిలించే తొట్టికి నీళ్ళ గొట్టం కలపాలి, చివరికి ఆ డాక్టర్నే కూచోబెట్టి పైకీ కిందకీ ఆడించి చూపించాలి. అందుకని సర్వీస్ సెక్షన్లో అందరి కాళ్ళకీ చక్రాలే. ఎక్కడ దిగాలన్నదానికి కంపెనీలో ఒక పద్ధతుంది. సర్వీస్ మేనేజరు ఒక ఊళ్ళో ఏ హోటల్ సరేనంటే, ఆ సెక్షన్ వాళ్ళంతా ఆ ఊరెళ్ళినప్పుడల్లా అందులోనే దిగాలి. మేనేజరేమో ఈయన. ఇక చూసుకోండి వాళ్ళ తిప్పలు.

ఊరవతల, చవగ్గా, ప్రశాంతంగా ఉండే హోటళ్ళు ఆయన కంటికి ఆనేవి కావు. "ప్రశాంతం అంటే ఏంటమ్మా, మనం అరిచినా ఎవరికీ వినపడదనేగా" అనేవారు. హోటలన్నది ఊరి నడిబొడ్డున ఉండాలి. ఎదురుగా మెడికల్ షాపు, మూల మీద టాక్సీ స్టాండు, వచ్చేపోయే జనం, చీకటి పడినా వెలిగే వీధి దీపాలు ఉండాలి. ఇవన్నీ ఉన్నాక అప్పుడు లోపలికి అడుగుపెట్టేవారు. అసలు గొడవ అక్కడ మొదలయ్యేది.

ఆ గొడవ మొదటిసారి కళ్ళారా చూసింది కొత్తమ్మాయి. ఇంజనీరుగా చేరిన రోజున ఎవరో అలా పిలిచారు. తర్వాత ఆ సెక్షన్లో ఇంకా కొత్త అమ్మాయిలు చేరినా ఆ పేరు ఈమెకే ఉండిపోయింది. తొలి టూర్‌కి గొళ్ళెం గారితో కలిసి వెళ్ళింది. కౌంటర్లో ఉన్నాయన చిరునవ్వుతో తాళంచెవి తీసి, "మీ గది నాలుగు వందల పన్నెండు సార్" అని హాలంతా వినపడేలా అన్నాడు.

గొళ్ళెం గారు నెత్తి పట్టుకున్నారు. "అయిపోయింది. ఈ గది వద్దు, వేరేది ఇవ్వండి."

"ఇంకా చూడనే లేదు కదా సార్?"

"చూడక్కర్లేదు బాబూ. ఆ సోఫాలో పేపరు చదువుతున్నాయన కూడా నంబరు విన్నాడు."

సోఫాలో ఆయన పేపరు దించి, "నేనేం వినలేదండీ" అన్నాడు.

"చూశారా, ఇదీ విన్నాడు. ఈసారి నంబరు పైకి చెప్పకుండా కాయితమ్మీద రాసివ్వండి. ఏమనుకోకండి, నాకు భయం."

ఆ "నాకు భయం" అన్న మాట ఆయన ఎంత ధీమాగా అనేవారంటే, ఇంకెవరైనా "నాకు ఆకలి" అన్నట్టుండేది. సిగ్గుతో చచ్చిపోయింది కొత్తమ్మాయి. తనకీ ఆయనకీ ఏ సంబంధం లేదన్నట్టు గోడ మీద బొమ్మ చూస్తూ నిలబడింది.

గది దొరకడం అంత తేలికా? కింది అంతస్తు వద్దు, కిటికీలోంచి ఎవరైనా దూరతారు. మరీ పై అంతస్తు వద్దు, మంటలొస్తే నిచ్చెన అందదు. వరండా చివరి గది వద్దు, అక్కడ మనుషులు తిరగరు. పక్కగదిలోకి తలుపున్న గదైతే అసలే వద్దు. కౌంటర్లో ఆయనకి తల ప్రాణం తోకకొచ్చి, "పోనీ మీరే హోటల్ కట్టుకోండి సార్" అన్నాడొకసారి. గొళ్ళెం గారు నొచ్చుకోలేదు. "కడితే ఇలాగే కడతాను" అన్నారు.

గది కుదిరాక టెలిఫోన్ పరీక్ష. సామాను పెట్టేసి, రోడ్డు దాటి, మెడికల్ షాపు ముందు నిలబడి, ముక్కు పట్టుకుని గొంతు మార్చి ఆ హోటల్‌కే ఫోన్ చేసేవారు. "పళ్ళ కుర్చీల కంపెనీ నుంచి ఒకమ్మాయి దిగిందట కదా, ఏ గదండీ?"

"నా గది అడుగుతారేంటి సార్?" అంది కొత్తమ్మాయి.

"నా పేరు చెబితే గొంతు గుర్తుపట్టేస్తారమ్మా."

నంబరు చెప్పేశారా, ఆ హోటల్‌కి అదే ఆఖరి రోజు. చెప్పకూడదండీ అన్నారా, "శభాష్" అని అసలు గొంతుతో అనేసి పెట్టేసేవారు. ఒకసారి అవతలినుంచి రిసెప్షనిస్టు, "సార్, మీరు ముక్కు పట్టుకుని మాట్లాడటం మాకు అద్దంలోంచి కనిపిస్తోంది" అంది. ఆయన ఏమాత్రం తొణక్కుండా ముక్కు వదిలి, "కనిపించినా నంబరు చెప్పలేదుగా తల్లీ, మీ హోటల్ ఖాయం" అన్నారు.

తలుపు కింద సందు చూడ్డం ఇంకో ప్రహసనం. సందు పెద్దదైతే గదిలో మనిషి నీడ బయటికి కనిపిస్తుందని ఆయన అనుమానం. అందుకని వరండాలో కుదిరిన గది ముందు బోర్లా పడుకుని, చెంప నేలకానించి, ఒక కన్ను మూసి చూసేవారు. ఒకసారి ఎదురు గదిలో ఒకావిడ తలుపు తీసి, అలా పడున్న ఆయన్ని చూసి హడలిపోయి, చెంబుడు నీళ్ళు తెచ్చి మొహాన గుమ్మరించింది. ఆయన తడిసిన జుట్టుతో లేచి ఆవిడకు దణ్ణం పెట్టి, "ఇలాంటి మనుషులున్న అంతస్తు మంచిదమ్మా" అన్నారు.

ఇంత చేసి సంపాదించిన గదిలో ఆయన ఉండేవారా అంటే, అదీ లేదు. లిఫ్టుకి దగ్గరగా, మంచి గొళ్ళెంతో, వరండా మధ్యలో కుదిరిన గదిలోకి వెళ్ళి అటూ ఇటూ చూసి, "ఫ్యాను గొణుగుతోంది, నాకు నిద్రపట్టదు. ఇది నువ్వు తీసుకోమ్మా" అనేవారు. తానే వద్దన్న ఆ వరండా చివరి గదిలోకి తన పెట్టె లాక్కెళ్ళిపోయేవారు. కొత్తమ్మాయికి ఏ ఊళ్ళోనూ ఫ్యాను గొణుగుడు వినపడలేదు. ఈయనకి వయసు మీదపడి చెవుల్లో ఏదో మోగుతోందనుకుని ఊరుకుంది.

ఇలా వరండాల్లో పడుకోగా పడుకోగా ఆయనకి నడుం పట్టేసింది. సెలవు పెట్టి ఇంట్లో మంచమెక్కారు. సరిగ్గా అప్పుడే ఒక డెంటల్ కాలేజీ నుంచి పెద్ద ఆర్డరొచ్చింది. అక్కడ కుర్చీలు వరసగా బిగించే పని కొత్తమ్మాయికి అప్పగించారు. మొట్టమొదటిసారి ఒంటరిగా, తన బాధ్యత మీద. ఆమె ఆనందం పట్టలేకపోయింది. తీరా చూస్తే ఆ కుర్చీలకి కావలసిన రెంచి గొళ్ళెం గారి బ్యాగులో ఉండిపోయింది. ఆఫీసు మధ్యలోనే లేచి ఆయన ఇంటికెళ్ళింది.

ఇంటికి ఎన్ని తాళాలుంటాయో, ఎన్ని ప్రశ్నలకి జవాబు చెబితే తలుపు తెరుస్తారో అనుకుంటూ వెళ్ళింది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ముందుగదిలో ఆ మహానుభావుడు గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. ఎవరిదో పిల్లి ఆయన పొట్ట మీద పడుకుని కొత్తమ్మాయి వంక చూసింది. ఈలోగా బజారునుంచి ఆయన భార్య సంచీతో వచ్చింది.

"ఇదేంటి ఆంటీ, తలుపలా వదిలేశారు?"

"మూస్తే ఈయనకి గాలాడదు తల్లీ. ఆ తలుపుకి గొళ్ళెం ఊడిపోయి ఎన్నాళ్ళయిందో. బిగించమంటే వినరు."

"మరి సార్‌కి భయం కదా?"

"ఎవరికి, ఈయనకా?" ఆవిడ సంచీ కింద పెట్టి నవ్వింది. "పెళ్ళయిన కొత్తలో వంటింట్లోకి పాము దూరింది. నేను బల్లెక్కి కేకలు పెడుతుంటే, ఈయన తోక పట్టుకుని తీసుకెళ్ళి బయట వదిలి, చేతులు కడుక్కోకుండా వచ్చి కంచం ముందు కూచున్నారు. నేను భయపడింది ఆ చేతులకి. మెకానిక్కుగా తిరిగే రోజుల్లో లారీలో ఆ కుర్చీల మీదే పడుకునేవారట. భయమట భయం."

 ఆవిడ గొంతు తగ్గించింది.

"నీకు ముందు ఈయన కింద ఒకమ్మాయి ఉండేది. మంచి పనిమంతురాలు. చవగ్గా వస్తుందని పైవాళ్ళు ఊరవతల ఏదో లాడ్జిలో దింపారు. రాత్రంతా ఎవడో తలుపు కొడుతూనే ఉన్నాడట. పాపం, తలుపుకి మంచం అడ్డంపెట్టి కూచుంది. పొద్దున్నే వచ్చి ఆఫీసులో చెప్పింది. ఏం చేశారనుకున్నావ్? లాడ్జి మార్చలేదు. ఆ పిల్లని టూర్లు మానిపించి టేబుల్ దగ్గర కూచోబెట్టారు. అదేదో మేలు చేసినట్టు. ఆ పిల్ల మనసు విరిగి మానేసింది. అప్పటినుంచీ ఈయన పిరికివాడైపోయారు. భయం ఆడపిల్లలదంటే మనిషిని మారుస్తారు, నాదంటే హోటల్ మారుస్తారు అంటారు. ఎవరితోనూ అనకు తల్లీ. చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకున్నారు. నేనూ ఎవరికీ చెప్పలేదు, పక్కింటావిడకీ ఎదురింటావిడకీ తప్ప."

కొత్తమ్మాయికి గొణగని ఫ్యాన్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.  ఆయన్ని లేపకుండా రెంచి తీసుకుని వచ్చేసింది.

ఆమె ప్రయాణం ఇంకా దగ్గర పడకముందే కంపెనీకి కొత్త జనరల్ మేనేజర్ వచ్చాడు. వస్తూనే హోటల్ ఖర్చుల మీద పడ్డాడు. అప్పుడే నడుం పట్టీతో ఆఫీసుకొచ్చిన గొళ్ళెం గారినీ, ఆయనతో పాటు కొత్తమ్మాయినీ పిలిపించాడు.

"ఊరి మధ్యలో హోటళ్ళెందుకు మనకి? ఊరవతల బోలెడు లాడ్జీలున్నాయి."

"నాకు భయం సార్" అన్నారు గొళ్ళెం గారు ఎప్పటిలాగే.

"ఇంత అనుభవమున్న మనిషికి భయమంటే ఎవరు నమ్ముతారు? ఇదంతా మన ఇంజనీరు అమ్మాయిల కోసమే అయితే దాచకుండా చెప్పేయండి. వాళ్ళని ఆఫీసులోనే ఉంచి మగవాళ్ళని పంపిద్దాం. ఎవరికీ ఇబ్బందుండదు."

 కాలేజీ, కుర్చీలు, ఒంటరిగా చేయబోయే తొలి పని, అన్నీ కొత్తమ్మాయికి చేజారేలా ఉన్నాయి.  గొళ్ళెం గారు ఇంకోసారి భయమనబోయేలోగా, జీఎం ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. ఈయనతో ఊళ్ళు తిరిగావు. ఈయన నిజంగా అంత పిరికివాడా?"

"మామూలు పిరికితనం కాదు సార్" అంది కొత్తమ్మాయి. "గదిలో పరదా కదిలితే నాకు ఫోన్ చేస్తారు. నేను వెళ్ళి కిటికీ మూసి, మంచం కింద చూసి, ఎవరూ లేరని చెప్పొస్తేగానీ పడుకోరు."

గొళ్ళెం గారు దిమ్మెరపోయి ఆమె వంక చూశారు.

"మరి నువ్వు ఒక్కదానివీ వెళ్ళేటప్పుడు లాడ్జి సరిపోతుందిగా?"

"నాకేం సార్, ఎక్కడైనా పడుకుంటాను. కానీ మాలో ఎవరో ఒకరు ముందుగా దిగి, బతికి బయటపడి, పరవాలేదని చెబితేగానీ సార్ ఆ హోటల్లో అడుగుపెట్టరు. మేము లాడ్జిల్లో దిగితే ఈయన్ని ఇంక ఏ ఊరికీ పంపలేం. పెద్ద మెషీన్లన్నీ ఈయన చేతి మీదే నడుస్తున్నాయి."

జీఎం గొళ్ళెం గారిని ఎగాదిగా చూశాడు. ఆయన వెంటనే భుజాలు కుంచించుకుని, నడుం పట్టీ సవరించుకుని, ఎంత దీనంగా కూచోవచ్చో అంత దీనంగా కూచున్నారు. జీఎం ఆపుకోలేక కడుపుబ్బా నవ్వాడు.

"సరే, ఈ పెద్దమనిషి రిటైరయ్యేదాకా పాత హోటళ్ళే. నువ్వు కాలేజీ పని చూసుకురా అమ్మా. ధైర్యమంటే నీది."

బయటికొచ్చాక గొళ్ళెం గారు గోడకానుకుని ఊపిరి పీల్చుకున్నారు.

"పరదాకి భయపడతానని చెప్పాలా అమ్మా? కాస్త పెద్దది దేనికైనా భయపడనివ్వచ్చుగా."

"ఆ క్షణానికి అదే తోచింది సార్."

"నీకెలా తెలిసింది?"

"ఆంటీ ఎవరికీ చెప్పలేదు సార్."

"అంటే వీధంతా తెలుసన్నమాట" అని నిట్టూర్చి, ఆమె తల మీద చెయ్యి వేశారు. "వెళ్ళిరా. పని బాగా చెయ్యి."

మధ్యాహ్నానికల్లా పరదా కథ ఆఫీసంతా పాకిపోయింది. స్టోర్ రూములో లైటు కాలిపోయి ఉంది. గొళ్ళెం గారు కుర్చీకి బిగించే దీపం పెట్టె ఒకటి తెచ్చుకోవాలని అటు బయల్దేరితే, వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి నవ్వాపుకుంటూ అడిగాడు. "లోపల చీకటిగా ఉంది సార్. తోడు రమ్మంటారా?"

వరండా అంతా చూస్తోంది. జీఎం గది తలుపు తెరిచే ఉంది. గొళ్ళెం గారు ఒక్క క్షణం ఆగి, వాచ్‌మన్ చెయ్యి గట్టిగా పట్టుకుని అన్నారు.

"రా బాబూ, నీకు పుణ్యముంటుంది. ముందు నువ్వు నడు."