గేటు తెరిచాక ఏమైంది?

ఆ మధ్యాహ్నం ఇక్కడ వేసవిలో వచ్చే కాలబైశాఖి గాలివాన మొదలైంది. దుమ్ము లోపలికి కొడుతోందని నేను పరుగున వెళ్ళి వీధి తలుపు వేసి గడియ పెట్టాను. అన్నం తింటున్న మా ఆయన ఒక్కసారిగా లేచారు.

"తలుపు తియ్యి! బయటున్నారు!"

"ఎవరున్నారండీ? వాన వస్తోంది."

నన్ను పక్కకు తోసి గడియ తీశారు. వీధిలో ఎవరూ లేరు. చేతికి అంటిన అన్నం కడుక్కోకుండా, గుమ్మంలో తడుస్తూ, వీధి చివరిదాకా చూస్తూ నిలబడ్డారు. మా అమ్మాయి ఝాన్సీ వాళ్ళ నాయనమ్మ కొంగు పట్టుకుని బిక్కచచ్చిపోయింది. పెళ్ళయ్యాక ఆయన చెయ్యి నా మీద అలా పడడం అదే మొదలు. నాకు నొప్పి కంటే భయమే ఎక్కువ వేసింది.

మా ఆయన పేరు అప్పలరాజు. సైన్యంలో హవల్దార్. మా మామగారు శ్రీకాకుళం నుంచి బెంగాల్ వచ్చి సంత్రాగాఛి రైల్వే యార్డులో పనిచేసినవారు కాబట్టి మా కాపురం అక్కడే. ఆ వానకు కొన్ని నెలల ముందే ఆయన ఆఫ్రికాలో అంతర్యుద్ధం నడుస్తున్న ఒక దేశంలో శాంతి సేనలో పనిచేసి తిరిగొచ్చి, ఇంటి నుంచే వెళ్ళొచ్చేలా దగ్గర్లోని యూనిట్‌లో చేరారు. ఆ దేశం పేరు రాయొద్దన్నారు, రాయను. ఆ సేన వాళ్ళు పెట్టుకునే నీలి టోపీతో దిగిన ఫోటో మా అత్తయ్య కాలనీలో చూపించని ఇల్లు లేదు.

వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకు నిద్ర సరిగా ఉండేది కాదు. తిండి తగ్గింది. ఝాన్సీ గట్టిగా నవ్వినా చిరాకుపడేవారు. తలుపు మూస్తే చాలు, చెమటలు పట్టేవి. అక్కడ ఒకసారి మలేరియా వచ్చింది కదా, అదే తిరగబెట్టిందేమో అనుకున్నాం. బ్లడ్ టెస్ట్, థైరాయిడ్, ఈసీజీ, చివరికి తలకు సీటీ స్కాన్ కూడా చేశారు. అన్నీ నార్మల్. "శరీరంలో ఏ లోపమూ లేదు. సైకియాట్రీకి రాస్తున్నాను" అన్నారు మెడిసిన్ డాక్టర్.

ఆ మాటకు మా అత్తయ్య ఏడ్చింది. "ఏటే, నా కొడుక్కి పిచ్చంటారేటి? దిష్టి తగిలుంటాది. నాను తీస్తాను." తీసింది కూడా. వద్దనలేదు. మర్నాడు ఆయన్ని బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

సైకియాట్రిస్ట్ ఒక బెంగాలీ ఆవిడ. హిందీలో మెల్లగా అడిగింది. నిద్ర పడుతోందా? "ఠీక్ హై మేడమ్." కోపం వస్తోందా? "ఠీక్ హై." ఇంట్లో అంతా బాగుందా? "ఠీక్ హై." అన్నిటికీ అదే జవాబు, నిటారుగా కూర్చుని, పై అధికారికి రిపోర్టు ఇస్తున్నట్టు. ఇంకాసేపు ఊరుకుంటే విటమిన్ మాత్రలతో ఇంటికి పంపేస్తారనిపించింది.

"లేదు డాక్టర్," అన్నాను. వాన రోజు సంగతి చెప్పాను. తలుపుల సంగతి చెప్పాను. నన్ను తోసిన సంగతి చెప్పేటప్పుడు ఆయన తల దించుకున్నారు. అది చూసి కూడా నేను ఆపలేదు.

"దీన్ని పీటీఎస్‌డీ అంటారు," అంది డాక్టరమ్మ. "పిచ్చి కాదు. ప్రాణం మీదికొచ్చిన రోజును మనసు అక్కడే వదిలి రాలేకపోయింది. మందు ఉంది, థెరపీ ఉంది. టైమ్ పడుతుంది."

సెర్ట్రలిన్ మాత్రలు మొదలయ్యాయి. వారం వారం థెరపీ. అక్కడ జరిగింది నాకు కొంచెం కొంచెంగా తెలిసింది. ఒక ఉదయం ఊళ్ళో కాల్పులు మొదలై జనం వీళ్ళ క్యాంపు మీదికి పరుగెత్తుకొచ్చారు. మా ఆయన గేటు డ్యూటీలో ఉన్నారు. తెరవమని పైనుంచి ఆర్డర్ రావాలి. వచ్చేదాకా ఆయన ఇనుప కమ్మీలకు ఇవతల, వాళ్ళు అవతల. ఒకామె కమ్మీల్లోంచి ఆయన చొక్కా పట్టుకుంది. ఆర్డర్ వచ్చింది, తెరిచారు. కానీ ఆలోగా గుంపు వెనక, రోడ్డు మీద కొందరు తూటాలు తగిలి పడిపోయారు. చొక్కా పట్టుకున్నామె లోపలికి వచ్చిందో లేదో ఆయనకు తెలియదు.

మెల్లగా నిద్ర పట్టసాగింది. ఝాన్సీని సైకిల్ మీద బడికి దింపడం మొదలుపెట్టారు. ఇక బాగైపోయిందనుకున్నాం. మాత్రలతో మత్తుగా ఉంటోందని ఆయన నాకు చెప్పకుండా ఆపేశారు. ఆ రోజుల్లోనే, అక్కడ తనతో పనిచేసిన స్నేహితుడు ఫోన్ చేసి, ఆ క్యాంపు ఎత్తేశారని, ఆ ఊళ్ళో మళ్ళీ కొట్టుకుంటున్నారని చెప్పాడు.

మర్నాడు డ్యూటీకని వెళ్ళినవారు డ్యూటీకి చేరలేదు. ఫోన్ ఎత్తలేదు. నేనూ అత్తయ్యా ఆ పూట పడిన నరకం పగవాళ్ళకు కూడా వద్దు. చివరికి ఆయనే ఫోన్ చేశారు, ఖిదిర్‌పూర్‌లో బస్‌స్టాప్ దగ్గర ఉన్నానని. వెళ్ళేసరికి బల్ల మీద కూర్చుని ఓడరేవు డాకుల వైపు పోతున్న లారీలను చూస్తున్నారు. తిట్టాలనుకుంటూ వెళ్ళినదాన్ని, ఆ ముఖం చూసి మూరీ పొట్లం కొని పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఆ మరమరాలు పొట్లం ఖాళీ అయ్యేదాకా తిన్నాం.

"అంతదూరం ఎల్లి మేం ఏటి సేసినట్టే? యుద్ధం ఆపినామా? నేదు. మేం ఒచ్చేసినాక మళ్ళీ అదే. ఆ టోపీ ఎందుకు, ఆ తుపాకీ ఎందుకు?"

"నాకు తెలీదండీ. పదండి, డాక్టరమ్మనే అడుగుదాం" అన్నాను. ఆయన నవ్వారు. కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

నిజంగానే అడిగాం. డాక్టరమ్మ ముందు మాత్రల గురించి కోప్పడింది. తర్వాత అంది: "యుద్ధం ఆపడం ఒక హవల్దార్ చేతిలో లేదు. శాంతి సేన ఆపలేకపోయిందని కోపం ఉంటే ఉండనివ్వండి, ఆ కోపం న్యాయమే. కానీ అప్పలరాజు గారూ, ఇన్నాళ్ళుగా మీరు గేటు మూసి ఉన్నప్పటి కథే చెప్తున్నారు. తెరిచాక ఏమైంది?"

అది చెప్పడానికి ఆయనకు చాలా వారాలు పట్టింది. ఒక ఆదివారం చేపల పులుసు తింటూ, మా అత్తయ్య ముందే, తనంతట తాను మొదలుపెట్టారు. లోపలికి వచ్చిన జనం నెలల తరబడి క్యాంపులోనే ఉన్నారట. వీళ్ళు పెద్ద గుండిగల్లో కిచిడీ వండేవారట. నీళ్ళ ట్యాంకు వెనక దుప్పట్లు అడ్డం కట్టి ఒకామెకు కాన్పు చేశారట.

"అక్కడ మాతో ఉన్న విజయనగరం కుర్రాడు నన్ను పొద్దస్తమానం 'ఒరే, ఒరే' అని పిలిసేవోడమ్మా. అది నా పేరే అనుకున్నారు క్యాంపులో పిల్లలు. బిందెలట్టుకుని 'ఒరే! ఒరే!' అని నా ఎనకాలే."

అత్తయ్యకు పొలమారింది. "కన్నతల్లిని, నానే అలా పిలవనేదు!" అని నవ్వి నవ్వి, కొడుకు తల మీద చెయ్యి వేసి ఊరుకుంది.

ఇప్పుడు ఆయన డ్యూటీకి వెళ్తున్నారు, తేలిక పనికి మార్చారు. డోసు తగ్గింది, మందు మాత్రం ఆగలేదు. చెడ్డ రోజులు ఇంకా వస్తాయి. అలాంటి రోజున ఆయనే చెబుతారు, "ఈయేళ బాగునేదు" అని. ఆ ఒక్క మాట ఆయన నోట రావడానికి మేం ఎంత దూరం నడిచామో మాకే తెలుసు.

ఈమధ్య శాంతి సేనకు వెళ్ళబోయే జవాన్లతో మాట్లాడమని ఆయన్ని పిలిచారు. ఒకడు అడిగాడట, మనం వెళ్తే యుద్ధం ఆగుతుందా అని. "ఆగుతుందని అబద్ధం చెప్పను," అన్నారట. "ఆగనప్పుడు జనం నీ గేటుకే వస్తారు. తెరవాల్సింది ఎప్పుడో ఇప్పుడే మీ ఆఫీసర్లను అడిగి తెలుసుకోండి, అక్కడికి వెళ్ళాక కాదు." ఇంటికి వచ్చి ఇది చెబుతున్నప్పుడు ఆయన గొంతు స్థిరంగా ఉంది. నాకు గర్వంగా అనిపించింది, కాఫీలో పంచదార రెండుసార్లు వేశాను.

ఇలాంటి మనిషి మీ ఇంటికీ తిరిగొస్తే ఒక్కటి చేయండి. డాక్టర్ గదిలోకి మీరూ వెళ్ళండి, బయట బెంచీ మీద ఆగిపోవద్దు. లోపల మీవాళ్ళు తప్పకుండా బాగున్నాననే అంటారు. ఇంట్లో మీరు చూసింది చూసినట్టు చెప్పండి. చెప్పేటప్పుడు వాళ్ళ చెయ్యి పట్టుకోండి.