మా అన్న ఒడిబియ్యం అమ్మాడట

మా అన్న నాకు ఒడిబియ్యం పోయడానికి వస్తుంటే దారిలో యాక్సిడెంటు అయింది. పూర్ణ అనే ఊరి దగ్గర ఒక గోదాము గేటులోంచి వెనక్కి వస్తున్న ట్రెయిలరు, వదిన కూర్చున్న వైపు కారును గుద్దింది. వదిన కుడి మణికట్టు విరిగింది. జనం చుట్టూ చేరేలోపే ట్రెయిలరు వెళ్లిపోయింది, నంబరు ఎవరూ చూడలేదు. నేను కాల్హేర్‌లో కొత్తగా కొనుక్కున్న చిన్న ఫ్లాటులో, ఆ పొద్దున పాలు పొంగించి, పీట వేసుకుని వాళ్ల కోసం ఎదురు చూస్తున్నాను.

ఒడిబియ్యం అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. మా కరీంనగర్ వైపు పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవికె ముక్కలు ఒడిలో పోస్తారు. కొత్త ఇల్లు కట్టుకున్నా కొనుక్కున్నా తప్పకుండా పోస్తారు. మా నాన్న మహారాష్ట్రలోని భివండీకి వచ్చి సాంచెల మీద పనిచేశాడు. మరమగ్గాన్ని మేము సాంచె అంటాం. అన్న గైబీ నగర్‌లో నాలుగు సాంచెలు సొంతంగా పెట్టుకున్నాడు. ఊరు వదిలి ఎన్నేళ్లయినా ఈ ఒడిబియ్యం మాత్రం మేము వదల్లేదు. ఆ రోజు కారు వెనక సీటులో బియ్యం సంచి, నాకూ మా అత్తగారికీ ఆడబిడ్డలకూ చీరలు, రవికె ముక్కల దొంతర ఉన్నాయి.

ఇన్సూరెన్సు ఉందిలే అని మేము ధైర్యంగానే ఉన్నాం. పాలసీ అమ్మిన ఏజెంటు వరాలా తలావ్ దగ్గరి అన్న ఇంటికొచ్చి, వదినను భాభీ భాభీ అంటూ సకినాలు తిన్న మనిషి. అన్న ఆస్పత్రి నుంచి ఫోన్ చేస్తే ఎత్తలేదు. కంపెనీకి చేస్తే పాట వచ్చింది. మా కాల్ వాళ్లకు ఎంతో విలువైనదట. అంత విలువైనదాన్ని అంతసేపు ఎవరు గాలికి వదిలేస్తారు! అన్న ఆ పాట వింటూనే వదినను ఆపరేషన్ గదిలోకి పంపాడు. చేతిలో ఉన్న డబ్బంతా ఆ చేతికే అయిపోయింది. ఇక కారు బాగుచేయించాలంటే కంపెనీ ఇవ్వాలి, లేదా అన్న ఒక సాంచె అమ్ముకోవాలి.

కొన్నాళ్లకు కంపెనీ తరఫున విచారణకని ఒకాయన వచ్చాడు. చాలా మర్యాదస్థుడు. చెప్పులు బయటే విడిచాడు, వదిన చేతిని చూసి అయ్యో అన్నాడు, చాయ్ తాగాడు. నేనూ అక్కడే ఉన్నాను. కారులో ఏముందని హిందీలో అడిగాడు.

"చావల్ థా. కపడా థా," అన్నాడు అన్న.

"కిధర్ లేకే జా రహే థే?" ఎక్కడికి తీసుకుపోతున్నారని అడిగాడు.

"బహెన్ కే ఇధర్. చావల్ డాల్నే."

చెల్లెలింట్లో ఒడిబియ్యం పోయడాన్ని అన్న ఉన్నదున్నట్టు హిందీలో పెట్టాడు. బియ్యం అంటే చావల్, పోయడం అంటే డాల్నా. నాకూ అందులో తప్పేమీ తోచలేదు, అడిగితే నేనూ అదే చెప్పేదాన్ని. కానీ భివండీ గోదాముల్లో మాల్ డాల్నా అంటే దుకాణానికి సరుకు చేరవేయడం. అన్నే రోజూ ఆ మాట పదిసార్లు అంటాడు. ఆయన ఇంగ్లీషులో ఏదో రాసుకున్నాడు, అన్న చేత కింద సంతకం చేయించుకున్నాడు, ఇంకో చాయ్ కూడా తాగి వెళ్లాడు.

తర్వాత కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మా అమ్మాయి చదివి చెప్పింది. సొంత వాడకానికి తీసుకున్న బండిలో వ్యాపారం కోసం బియ్యం, బట్ట తరలిస్తున్నారు కాబట్టి క్లెయిము చెల్లదట.

నా ఒళ్లు మండిపోయింది. పసుపు కలిపిన బియ్యం ఏ దుకాణంలో అమ్ముతారు? ఆ రోజు జనం తీసిస్తే అన్న కంపెనీకిచ్చిన ఫోటోల్లోనే బియ్యం పచ్చగా కనిపిస్తోంది. రోడ్డు మీద కుడుకలు, ఖర్జూరాలు పడి ఉన్నాయి. ట్రెయిలరువాడు గుద్ది పారిపోయాడు, వాణ్ణి పట్టుకునే దిక్కు లేదు. చెల్లెలి ఇంటికి పోతున్నవాడు మాత్రం దొంగ వ్యాపారి అయ్యాడు.

మా అమ్మాయి మరాఠీ బడిలో చదువుకున్న పిల్ల. "మామా, గా ఆయనకు నువ్వు ఏం జెప్పినవ్?" అని అడిగింది. అన్న మళ్లీ అదే మాట చెప్పాడు. పిల్ల నెత్తి కొట్టుకుంది.

"అరే మామా, ఓటీ భరాయలా జాత్ హోతో అసం సాంగాయ్‌చం నా! ఒడి నింప పోతున్నమని జెప్పాలె! ఒడి నింపుడు మరాఠోళ్లకు గుడ ఉంటది కద!"

నిజమే. మరాఠీవాళ్లూ ఆడపిల్ల కొంగులో బియ్యం, కొబ్బరికాయ, రవికె ముక్క పెడతారు. దాన్ని ఓటీ భరణం అంటారు. మా పాత వరుసగదుల చాల్‌లో పక్కింటి ఆవిడ నాకే ఎన్నోసార్లు పెట్టింది. ఆ మాట మా గోడ పక్కనే ఉంది. కానీ మాకు ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే బజారు హిందీ. మరాఠీని పిల్లల బడికి వదిలేశాం. అవసరమైనప్పుడు అది అన్న నోటికి రాలేదు, నా నోటికీ రాలేదు.

మరుసటి వారం అన్న, వదిన, నేను కంపెనీ ఆఫీసుకు వెళ్లాం. దారి పొడవునా ఆ మరాఠీ ముక్కను వల్లె వేస్తూనే ఉన్నాను. లోపల ఆఫీసరు ఒక మరాఠీ ఆవిడ, చేతినిండా ఆకుపచ్చ గాజులు. నేను ఓటీ అనగానే ఆమె ముఖం విచ్చుకుంది.

"అగో, ఓటీ! కొత్త ఇంటికా?" అని మరాఠీలో అడిగింది. ఫోటోలు ముందుకు లాక్కుని చూసింది. "హళద్ లావ్‌లేలే తాందూళ్," పసుపు రాసిన బియ్యం, అంది తనకు తానే. నా గుండె కుదుటపడింది. ఇక అయిపోయినట్టే అనుకున్నాను.

తర్వాత ఆమె ఫోటోలు సర్దేసింది. "నాకు అర్థమైంది తాయీ. కానీ స్టేట్‌మెంటులో అలా లేదు. సరఫరా అని ఉంది, కింద సంతకం ఉంది," అంది.

అర్థం కాకపోతే ఒక రకం. అర్థమైందని చెప్పి కాదనేవాళ్లతో ఏం మాట్లాడాలి? తన అన్న తన ఒడి నింపితే ఆమె దాన్ని సరుకు అంటుందా? ఇది నేను గట్టిగానే అడిగాను. ఆమె తల వంచుకుని గాజులు సవరించుకుంది. రెండు దారులున్నాయని చెప్పింది. పైకి ఫిర్యాదు చేసుకోవచ్చు, ఎంత కాలం పడుతుందో తెలియదు. లేదంటే, సరుకు తీసుకుపోతున్న మాట నిజమే అని ఒప్పుకుని సంతకం పెడితే కొంత కోసుకుని మిగతాది ఇస్తారు. సరుకని మా క్లెయిము కాదన్నవాళ్లు, ఇప్పుడు సరుకేనని అబద్ధం రాసిస్తే డబ్బిస్తారట!

అన్న పెన్ను తీసుకున్నాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

"వద్దన్నా. గది అబద్ధం. పైకి పోదాం."

"పైకి పోయేదాంక గ్యారేజోడు ఊకుంటడా చెల్లె? సాంచె అమ్మమంటవా?"

నేను చెయ్యి వదిలేశాను. ఫ్లాటు కొని నేనే అప్పుల్లో ఉన్నాను. వదిన కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని గోడవైపు చూస్తోంది. అన్న సంతకం పెట్టాడు.

బండి వచ్చాక మంచిరోజు చూసుకుని ఇద్దరూ మళ్లీ బయల్దేరారు. నేను పీట మీద కూర్చుని కొంగు పట్టాను. వదిన కుడిచెయ్యి ఇంకా సరిగా తిరగడం లేదు. అందుకని అన్న తన దోసిలిని ఆమె చేతుల కింద ఆనించి పట్టాడు, ఇద్దరూ కలిసి పోశారు. పోస్తూ పోస్తూ అన్న ఆగాడు.

"ఏందే చెల్లె, కాయిదంల ఈ బియ్యానికి గిరాకివి నువ్వే కద. పైసలు ఎప్పుడిస్తవ్?"

అందరూ పగలబడి నవ్వారు. వదిన కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒడిబియ్యం పోసేటప్పుడు ఏడవకూడదంటారు కాబట్టి, కోపంతో పళ్లు బిగబట్టి కొంగు గట్టిగా పట్టుకున్నాను. "పొయ్యన్నా, ఇంక పొయ్యి," అన్నాను.