వన్స్ మోర్ అనొద్దన్నాను

చలికాలం వచ్చిందంటే ప్రొద్దుటూరులో నా కాలు ఇంట్లో నిలవదు. ఒకచోట బొమ్మల ప్రదర్శన, ఇంకోచోట పిల్లల కూచిపూడి, మరోచోట హరికథ. పుష్యమాసంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మా చీరల అంగట్లో గిరాకీ పలచబడుతుంది, నేను తిరగడానికి అడ్డు చెప్పేవాళ్లుండరు. మా ఆయన చెప్పడానికి నోరెక్కడిది? నాకంటే ఆయనకే పిచ్చి ఎక్కువ. పద్య నాటకాల్లో రాజు వేషం కడతారు.

పోయిన చలికాలం మాత్రం ఆ సరదా నాకు మిగల్లేదు. అంతకు ముందు ఎండాకాలంలో ఆయన గొంతుకు ఆపరేషన్ అయింది. నెలల తరబడి ఇంట్లో గుసగుసలే. మాట తిరిగి వచ్చింది కానీ, గొంతు మీద బలం పెడితే మళ్లీ పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈయన బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి నేరుగా హార్మోనియం ముందు కూర్చున్నారు. మా ఊరి నాటక పోటీల్లో ఒక్క పద్యమైనా పాడకపోతే ఉండీ లేనట్టేనట. శ్రుతి తగ్గించుకుంటానన్నారు, మిగతా పద్యాలన్నీ తీసేయిస్తానన్నారు. ఒప్పుకున్నాను. ఒప్పుకోక చేసేదేముంది?

ఆ ఒక్క పద్యం ఒక్కసారి పాడి దిగితే గండం గడిచినట్టే. కానీ మా సీమ జనం పద్యాన్ని ఒక్కసారితో ఎప్పుడు వదిలారు? నచ్చితే ముందు వరుసలోంచి 'వన్స్ మోర్' అని కేక పడుతుంది. వేషగాడు ఏడుస్తున్నా, యుద్ధం మధ్యలో ఉన్నా, ఆఖరికి చచ్చి పడున్నా సరే, లేచి మళ్లీ పాడాల్సిందే. మనవాడైతే నచ్చకపోయినా అరుస్తారు, అదో మర్యాద. ఆ మర్యాదే ఆయన గొంతు తీస్తుందని నా భయం.

అందుకే నాటకానికి ముందే ఒక్కొక్కరినీ పట్టుకుని చెప్పాను. జమ్మలమడుగులో ఉండే మా మరిదికి ఫోన్ చేశాను. పక్క అంగళ్ల వాళ్లకు చెప్పాను. పులివెందులలో ఉండే మా అన్నకు చెప్పడమే కష్టమైంది. ఆయన తుమ్మలపల్లె గనిలో పనిచేస్తాడు. ఏటా తోటివాళ్లను వెంటేసుకుని వచ్చి, అందరికంటే ముందు అరిచేది ఆయనే.

"వన్స్ మోర్ అనకుంటే బావకు శానా నామోషీ అయితాది మ్మా," అన్నాడు.

"నామోషీ అయితే ఓర్చుకుంటాడులేన్నా. గొంతు పోతే ఓర్చుకోలేడు," అన్నాను. అన్న అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

నాటకం మధ్యాహ్నం. పొద్దున్నుంచే కాలుగాలిన పిల్లిలా తిరిగాను. అదే ఆవరణలో బొమ్మల ప్రదర్శన పెట్టారు. మామూలుగా అయితే ఒక్కో బొమ్మ ముందు నిలబడి, గీసినవాళ్లను ప్రశ్నలతో విసిగిస్తాను. చాలామంది గండికోట లోయనే గీశారు. అందరికీ సాయంత్రమే తీరిక దొరికిందేమో, అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు చూసినా నాకు గొంతే గుర్తొచ్చింది. ఇడుపులపాయలో చదువుకునే ఒక అమ్మాయి తను గీసిన చీనీ తోట, అదే బత్తాయి తోట గురించి పాపం ఎంతో ఇష్టంగా చెబుతోంది. మధ్యలోనే వదిలేసి, వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని తెర వెనక్కి పోయాను. ఆయన్ని మఫ్లర్ చుట్టుకోమన్నాను. కిరీటం పెట్టుకున్న మనిషికి మఫ్లరేమిటని కళ్లతోనే కసిరి పంపించారు.

రాజ్యం పోగొట్టుకున్న రాజు అడవిలో నిలబడి పాడే పద్యం ఆయనది. హార్మోనియం ఎత్తుకుంది. నేను చీర చెంగు పిడికిట్లో నలుపుతూ కూర్చున్నాను. మొదటి పాదం బాగానే సాగింది. రెండోది, మూడోది కూడా. చివర రాగం తీయడానికి ఆయన ఊపిరి పీల్చగానే కళ్లు మూసుకున్నాను. రాగం పైకి పోయి, మెల్లగా దిగింది. గొంతు తెగలేదు.

నా ప్రాణం లేచొచ్చింది. కళ్లు తెరిచాను. వెనక జనం ఎప్పుడూ ముందు వరుస అరిచాకే అందుకుంటారు. ముందు వరుసేమో అంతా మావాళ్లే, నోరు విప్పలేదు. అన్న తల దించుకుని తన చెప్పుల వైపు చూస్తున్నాడు. చప్పట్లు మాత్రం పడ్డాయి, ఎవరో ఉపన్యాసం ముగించినట్టు.

వేదిక మీద మా ఆయన చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. ముందు వరుసనే చూస్తున్నారు. హార్మోనియం వాయించే పెద్దాయన కూడా మెట్ల మీద వేళ్లు తీయకుండా కాచుకున్నాడు. ఎంతకీ కేక పడకపోయేసరికి ఆయన చెయ్యి మెల్లగా కిందికి దించారు. నేను గొంతు కాపాడాననుకున్నాను. ఆయనకు మాత్రం, నీ పని అయిపోయిందని సొంతవాళ్లంతా కూడబలుక్కుని చెప్పినట్టయింది.

లేచి నిలబడి "వన్స్ మోర్" అని అరిచాను. మా వైపు ఆడవాళ్లు అలా అరవరు. తలలన్నీ నా వైపు తిరిగాయి. ఆ వెంటనే అన్న అందుకున్నాడు, మరిది అందుకున్నాడు, తర్వాత హాలంతా.

రెండోసారి చివరి రాగంలో గొంతు జీరబోయింది. ఆయన ఆపలేదు. ఆ జీరతోనే పైకి తీసుకుపోయి, కిందికి దించి ముగించారు. మళ్లీ మామూలు గొంతు రావడానికి శివరాత్రి దాకా పట్టింది.

ఆ రోజు నాటకం అయ్యాక తెర వెనక ముఖం మీది రంగు తుడుచుకుంటూ నన్ను దగ్గరికి పిలిచారు. మాట గాలిగా వచ్చింది.

"అనొద్దని అందరికీ చెప్పింటివంట గదా. మీ అన్న ఇప్పుడే చెప్పిపోయినాడు. మల్ల నువ్వే ఎందుకు అరిసినావు?"

ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉన్నమాటే చెప్పాను.

"తొలిసారి పాడింది నేను యాడ వింటి? గొంతు యాడ తెగుతాదో అని కాచుకోని కూర్చుంటి."