మా మామ చాటింపు వేసిన కరువు జీన్

ఆ రోజుల్లో కంప్యూటర్ తెర మీద రెండు చుక్కల మధ్య గీత కనబడితే చాలు, దాన్ని సాక్షాత్తూ ప్రకృతే గీసిందని నమ్మేదాన్ని. చదువు ముగించి, ఆదోనిలో మా మామ ఇంట్లో ఉంటూ, పత్తి మీద పరిశోధన చేసే చిన్న ప్రయోగశాలలో అప్పుడే చేరాను. నీళ్లు పారిన ఎమ్మిగనూరు చేలో కొన్ని ఆకులు, వాన లేక ఎండిన ఆస్పరి చేలో కొన్ని ఆకులు కోసుకొచ్చి, వాటిలో ఏ జీన్, అంటే ఏ జన్యువు, ఎంత పనిచేస్తోందో కొలిచి, ఆ అంకెలు కంప్యూటర్‌కు అప్పగించాను. ఏ జీన్ దేన్ని ఆడిస్తోందో ఊహించి అదొక వల గీసిచ్చింది: చుక్కంటే జీన్, గీతంటే పెత్తనం. వల నడుమ లావుపాటి చుక్క, దాన్నుంచి లెక్కలేనన్ని గీతలు! కరువును తట్టుకునే శక్తికి ఆ జీనే రాజని తేలిపోయింది. (తేల్చింది కంప్యూటర్, ఎగిరి గంతేసింది నేను.)

ఆ రాత్రి అన్నం తింటూ మామకు చెప్పడమే పొరపాటు. తెల్లారేసరికి ఆస్పరి రైతులు వసారాలో కూర్చుని ఉన్నారు. "ఏం పాపా, వాన లేకున్నా కాసే పత్తి కనిపెట్టినావంట! ఇత్తనాలు ఎప్పుడిస్తావు?" నేను నోరు తెరిచేలోపే మామ అందుకున్నాడు: "ఇస్తాది లేప్పా, రోంత ఓపిక పట్టండి!"

మా ప్రయోగశాల పెద్దాయన్ని మేం చాటుగా రుజువు సార్ అనేవాళ్లం. ఆయన వల చూసి, "బాగుందమ్మా. కంప్యూటర్ సెప్పింది సరే, సెట్టు ఏమంటాదో?" అన్నాడు. అందుకని కుండీల్లో కొన్ని మొక్కలకు ఆ జీన్ నోరు మూయించి, కొన్నింటిని మామూలుగా వదిలి, అన్నింటికీ నీళ్లు ఆపేశాం. అది నిజంగా రాజైతే, దాని నోరు మూసిన మొక్కలే ముందు వాడిపోవాలి. రోజూ పొద్దున్నే వెళ్లి, "వాడిపోండి తల్లీ" అని వేడుకునేదాన్ని. (పత్తి వాడిపోవాలని మొక్కిన ఆడమనిషి ఆ జిల్లాలో నేనొక్కతెనే అయ్యుంటాను.) చివరికి అన్నీ వాడిపోయాయి. ఒకేసారి, ఒకేలా!

"ఆకులు ఏ పొద్దులో కోసినావు?" అన్నాడు సార్.

"ఎమ్మిగనూరులో పొద్దున్నే సార్. ఆస్పరికి బస్సు చేరేసరికి మిట్టమధ్యా..." అంటూనే కత్తెర వెతుక్కున్నాను.

నీళ్లు నిండుగా తాగిన మొక్కల ఆకులు పొద్దున కొన్ని, మధ్యాహ్నం కొన్ని కోసి చూశాం. నీటికి కొరతే లేని మొక్కల్లో కూడా మధ్యాహ్నానికి మా రాజు విజృంభించాడు. కరువుతో వాడికి సంబంధమే లేదు. పొద్దెక్కిందని చెట్టుకు చెప్పడమే వాడి ఉద్యోగం!

ఇంటికెళ్లేసరికి రైతులు మళ్లీ వచ్చి ఉన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక ముసలి రైతు కండువా దులిపి లేచి, "ఇప్పుడే సెప్పినావు, మేలు. ఇత్తినాక సెప్పింటే మునిగిపోతాంటిమి" అని నా తల నిమిరి వెళ్లాడు. మామ మాత్రం నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. "అంటే... టైమెంతయిందో ఆకుకు తెలుస్తాదా? గడియారం లేకుండానా!" (ఇది ఎప్పటినుంచో లోకానికి తెలిసిన సంగతే అని చెప్పేలోపే చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు.)

ఇప్పుడు నా దగ్గర చదివే పిల్లలు మెరిసే కళ్లతో వలలు పట్టుకొస్తారు. "చెట్టునడిగారా?" అంటాను. వాళ్ల ముఖం వాడిపోతుంది. వాళ్లు వెళ్లాక, ఎవరూ చూడకుండా, ఆ వల ముందు కాసేపు కూర్చుంటాను. ఎంత అందంగా ఉంటుందో!