మన్ను విదిలించని ఆట

మా చేన్లో సోలార్ పలకలు లేచినాక శెనక్కాయ పంట లేకుండా పోయింది. ఆ పలకల ముందరే బెంగళూరు డ్యాన్సర్లు వచ్చి శెనక్కాయ పెరికే ఆట ఆడినారు. భరతనాట్యమూ కొత్త డ్యాన్సూ కలిపినామని మైకులో ఒగటే గొప్పలు. నడుం వంచడమూ, లేని చెట్టును పెరకడమూ, పెరికింది పెరికినట్టే పక్కన పెట్టడమూ. నాకు ఒళ్లు మండింది. పక్కన కూర్చున్న మాయమ్మ జీవితమంతా శెనక్కాయ పెరికిన మనిషి. ఓర్చుకోలేక లేచి అరిచింది: "వేర్లకు మన్నుంటాది, విదిలించండమ్మా!"

అదీ ఆటలో భాగమే అనుకోని, వాళ్లతో వచ్చిన జనం చప్పట్లు కొట్టినారు. ఆట నేర్పిన సారైతే మాయమ్మ చేతులు పట్టుకోని మురిసిపోయినాడు. వీడియోలో పడిన ఆ కేకను ఆ డ్యాన్సర్లు ఇప్పుడు ఆట ఆడే చోటల్లా మైకులో వేసుకుంటావుండారు. ఆ ఆటల వీడియోలు నేనూ చూసినా. మన్ను మాత్రం ఇంతవరకూ ఒగరూ విదిలించలేదు.