ఒకే ఇంటిపేరు: పామర్రు తాటాకుల్లో పురుగుల వేట

ఉయ్యూరు దాటుతుండగా కండక్టరు నా గొడుగు మీద మూడోసారి పడ్డాడు.

"ఏమ్మా, వాన లేదు, చినుకు లేదు. గొడుగు లోపల తెల్లగుడ్డ కుట్టుకుని ఎక్కడికి?"

"పురుగుల కోసమండీ," అన్నాను.

బెల్లం బుట్ట ఒళ్లో పెట్టుకున్న పక్కాయన గబుక్కున జరిగాడు. నాకు కాలు చాపుకునే చోటు దొరికింది. మీరెవరైనా ఈ దారిన వెళ్తే ఈ మాట వాడుకోండి. విజయవాడ బస్టాండులో ఆరున్నర బస్సు ఎక్కండి, ఎడమవైపు కిటికీ మాత్రం వద్దు, ఎండంతా మొహం మీదే. ఫిబ్రవరిలో అయితే ఉయ్యూరు దగ్గర చెరకు పాకం వాసనకే సగం కడుపు నిండిపోతుంది.

నేను కాలేజీలో గాజుపలకలు కడుగుతాను. టెంపరరీ. పదో తరగతి గట్టెక్కలేదు కానీ, మా జువాలజీ లెక్చరర్ శేషాచలం గారి పుణ్యమా అని తామర పురుగుల్ని గుర్తుపట్టడం వచ్చింది. మిరపతోటల్లో రసం పీల్చే జాతి కాదు సారుకి కావలసింది. ఎండిన ఆకుల మీద పట్టే బూజు పొడిని తినేవి. నల్లగా, నువ్వుగింజలో సగం వెడల్పు కూడా ఉండవు. ముందు నోరు చూడాలి. రసం పీల్చేవాటి నోట్లో వెంట్రుకలాంటి సూదులుంటాయి. పొడిని గింజలు గింజలుగా మింగేవాటికి అవే రిబ్బనులా వెడల్పు. తరవాత ఒంటి చివర గొట్టం, ఆ తరవాత మీసాల మీద మేకులు. అన్నిటికన్నా ఆఖర్న ముందుకాళ్లు.

సారు పేరుప్రతిష్ఠలన్నీ ఆ ముందుకాళ్ల మీదే నిలబడ్డాయి. మగవాటిలో కాళ్లు లావుగా, పన్ను పొడుచుకొచ్చి ఉన్నది ఒక ప్రజాతి అట. సన్నకాళ్లది ఇంకో ప్రజాతి. ప్రజాతి అంటే మనకి ఇంటిపేరు లాంటిది. లావుకాళ్లవాటికి సారు వాళ్ల గురువుగారి పేరుతో కొత్త ఇంటిపేరు పెట్టేశారు. వ్యాసం టైపయింది, కవరు సిద్ధం, తపాలా బిళ్లలు కూడా తెప్పించారు.

"సుగుణా, ఎల్లుండి పొద్దున్న పోస్టు చేసేస్తాం. నీ పర్మనెంటు కాయితం మీద కూడా అప్పుడే సంతకం పెడతాను. రేపు పామర్రు వెళ్లి నమూనాకి పెద్దవి పది పట్టుకురా. మధ్యరకం వద్దు, అవి ఎదగనివి. ఎప్పట్లాగే పారబొయ్యి," అన్నారు.

ఎదగనివాటికి రెక్కలెలా వచ్చాయని అడగబోయి ఊరుకున్నాను. సారు డాక్టరేటు, నేను బేసిను.

ఎనిమిదిన్నరకి పామర్రు. రెండు ఇడ్లీ, ఒక కాఫీ. ఆ చట్నీ గురించి చెప్పను, మీరూ అనుభవించండి. అక్కణ్ణించి పొలాల గట్టున అరగంట నడక. మొదటిసారి లావుకాళ్లది దొరికింది ఆ గట్టు చివర ఇంట్లో ఉండే ఆంజమ్మ గారి తాటాకుల కుప్పలోనే. వడ్లు ఉడకబెట్టడానికి దాచుకున్న కుప్ప అది. నేను వెళ్లేసరికి ఆవిడ సగం పొయ్యిలో పెట్టేసింది.

"వచ్చావా పురుగులమ్మాయీ! మందు కొడతావా?"

"లేదు పిన్నిగారూ, ఇవి పంట జోలికి రావు. బూజు తింటాయంతే."

"పంట జోలికి రానివాటి జోలికి నువ్వెందుకే?"

నేను గొడుగు తెరిచాను.

గొడుగు తలకిందులుగా పట్టుకుని, పైన ఎండాకు పెట్టి కర్రతో కొట్టాను. తెల్లగుడ్డ మీద రాలాయి, పెద్దవి, చిన్నవి, మధ్యవి. మిగిలిన ఆకు మీద భూతద్దం పెట్టి చూశాను. గుడ్లు పెడుతున్న ఆడదాని దగ్గర ఒక లావుకాళ్లాయన కాపలా. ఇంకో లావుకాళ్లాయన వచ్చాడు. ఇద్దరూ కలియబడి దొర్లుతున్నారు. ఆ సందులో సన్నకాళ్లవాడొకడు చప్పుడు లేకుండా వచ్చి ఆడదాని మీదకి ఎక్కేశాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆంజమ్మ గారు భూతద్దం లాక్కుంది.

"ఓరి నీ! వీడు అచ్చం మా చిన్నమరిదే!"

"కాదండీ, సన్నకాళ్లవాడిది వేరే ఇంటిపేరట. మా సారు రాశారు."

"మా ఆయన దూలం, మరిది చీపురుపుల్ల. ఒక్క అమ్మ కన్నవాళ్లే. పుల్లగా పుట్టాడని ఇంటిపేరు మార్చేస్తామా? మీ సారు పెళ్లిళ్లకీ వెళ్లడా ఏంటి?"

నవ్వు అక్కడే ఆగిపోయింది. మధ్యరకం ఒకదాన్ని భూతద్దం కిందకి తెచ్చాను. కాళ్లు సగం లావు, పన్ను ఉందా లేదా అన్నట్టు చిన్న మొటిమ. ఇంకొకదానికి ఇంకాస్త పెద్దది. చిన్నవాడి నుంచి పెద్దవాడి దాకా మెట్లు మెట్లుగా అన్నీ ఆ ఒక్క ఆకు మీదే ఉన్నాయి. నాలుగు నెలలుగా ఆ మెట్లనే నా చేత్తో బేసినులో పారబోశాను. అందుకే సారుకి రెండు ఇళ్లు కనిపించాయి.

పెద్దవి పది ఒక సీసాలో వేశాను. మిగతావి ఇంకో సీసాలో. ఆంజమ్మ గారిచ్చిన మజ్జిగ తాగి రెండున్నర బస్సు ఎక్కాను. చెరకు బళ్ల వెనకాల నత్తనడక. కంకిపాడు దగ్గర రెండో సీసా కిటికీలోంచి పడెయ్యాలనిపించింది. ఒక్క విసురు విసిరితే నేను పర్మనెంటు. పక్కన కూర్చున్నావిడ సీసా చూసి, "నలుసుల్లా ఉన్నాయి, ఏం పనికొస్తాయమ్మా?" అంది.

"ఉద్యోగాలు ఊడగొట్టడానికి పనికొస్తాయండీ," అన్నాను.

మొత్తమ్మీద ప్రయాణం బాగుంది. చెరకు వాసనా, కాలవగట్లూ, మజ్జిగా అన్నీ బాగున్నాయి. చదువుకున్నవాళ్లకి మాత్రం ఆంజమ్మ గారి పొయ్యి దగ్గర ఒక పూట సిఫార్సు చేస్తాను.

మర్నాడు ఏడింటికే లాబుకి వెళ్లాను. పదకొండు మగవాటిని గ్లిజరిన్ చుక్కలో ఒక్క గాజుపలక మీద వరసగా పేర్చాను, పుల్ల నుంచి దూలం దాకా. పలకని మైక్రోస్కోపు కింద బిగించి దీపం వేశాను. కవరూ, తపాలా బిళ్లలూ, సంతకం పడాల్సిన నా కాయితమూ తీసి ఆ మైక్రోస్కోపు అడుగునే పెట్టాను. దేన్ని తియ్యాలన్నా సారు ముందు ఆ పలక చూడాలి.