రెండోసారి రాని నీలం

మొన్న మా మనవరాలు కాలేజీ నుంచి వచ్చీ రాగానే పుస్తకాల సంచీ ఒక మూల పడేసి, కిందటి వారం చక్కగా కుదిరిన ప్రయోగం ఈ వారం అన్నీ అలాగే చేసినా కుదరలేదనీ, ఎక్కడ తప్పిందో అంతు చిక్కడం లేదనీ అన్నం ముట్టకుండా కూర్చుంది. ఆ బెంగ నాకు పదహారో ఏటి నుంచీ తెలుసు.

నేను ముదలియార్‌పేటలో కోడలిగా అడుగుపెట్టినప్పుడు మా ఊరు ఇంకా ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉండేది. మా మామగారు గుడ్డలకు నీలిరంగు వేసేవారు. పెరట్లో మెడదాకా నేలలో పాతిన మట్టిబానలో నీలిమందు, సున్నం, ఉడకబెట్టిన తగిరిస గింజలు వేసి పులియబెట్టి, రోజూ ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూసి, గుడ్డ ముంచవచ్చో లేదో చెప్పేవారు. ఆ వాసనకు నాకు మొదటి నెలంతా అన్నం సహించలేదు. మా పుట్టింటివాళ్లు రంగుపని మానేసి రెండు తరాలైంది కనుక అందులో మంచీ చెడూ నాకేమీ తెలియదు, తెలియదని ఒప్పుకునే బుద్ధీ అప్పట్లో లేదు.

ఆ రోజుల్లో ఒక మిల్లు తరఫున రసాయనాలు చదువుకున్న ఫ్రెంచి దొర, దుబాసీని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చి, మామగారు బానలో వేసేదంతా త్రాసులో తూచి, గడియారం చూసి, నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆ రాత ప్రకారం రెండుసార్లు అదే నీలం వస్తే మామగారికి మిల్లులో మేస్త్రీ పని, ఆయన కింద మా ఆయనకూ పని. రాకపోతే మా ఆయన బతుకుతెరువు కోసం సైగాను ఓడ ఎక్కవలసిందే. మొదటిసారి వచ్చిన నీలం చూసి దొర ముఖం విప్పారింది, మా అత్తగారు వీధంతా బెల్లం పంచారు.

రెండోసారి దొర వచ్చే ముందురోజు, అంత పెద్దమనిషి మన ఇంటి మురికి చూడడమేమిటని, మగవాళ్లు లేని వేళ చూసి, బాన అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డినంతా ఎత్తి పారబోసి, నడుము దాకా లోపలికి వంగి, బూడిదా పీచూ పెట్టి తోమేశాను. తెల్లారి నీళ్లు నింపింది కూడా నేనే కనుక అడుగు ఎవరి కంటా పడలేదు.

అయిదో రోజుకు కూడా ఆ నీళ్లు పులియలేదు. ముంచిన గుడ్డ బూడిదరంగుతో బయటికొచ్చింది. అసలు కిటుకు దాస్తున్నావా అని దొర దుబాసీ చేత రెండుసార్లు అడిగించాడు. ఎన్నడూ గొంతు పెంచని మామగారు, "నేను యాడ దాస్తి? ఆయప్ప ఎదురుగానే అన్నీ వేస్తిని గదా! ఏందో, యాడ తప్పిందో నాకే తెలీలా," అన్నారు. దొర పుస్తకం మూసి వెళ్లిపోయాడు. మామగారు మళ్లీ ఆ బాన జోలికి పోలేదు. నేను పారబోసిన మడ్డే పాలకు తోడులా ఆ బానను పులియబెట్టేదేమోనని అప్పుడు తట్టినా, పుట్టింటికి పంపేస్తారేమోనన్న భయంతో నేను నోరు విప్పలేదు, మా ఆయన ఓడెక్కిన రోజున కూడా.

ఆయన ఏడేళ్లకు తిరిగొచ్చేసరికి మామగారు లేరు. ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ, ఇక మోయలేక, అత్తగారికి చెప్పేశాను. ఆవిడ చేట కింద పెట్టి, "ఏందమ్మే నువ్వు సెప్పేది! ఆ పొద్దు మన గవ్వసున్నం అయిపోతే, పక్కింట్లో తాంబూలం సున్నం తెచ్చి పెట్టింది నేను గదా. నా వల్లనే అని ఇన్నాళ్లూ కుమిలిపోతా ఉండా," అన్నారు. దొర సున్నాన్ని తూచాడే కానీ ఎక్కడిదని అడగలేదు.

అత్తాకోడళ్లం పట్టుబట్టి బాన మళ్లీ తోమి, మన గవ్వసున్నమే వేసి చూశాం. నీలం వచ్చింది! హమ్మయ్య, తప్పు నాది కాదనుకున్నాను. పది రోజులాగి అచ్చం అలాగే చేస్తే రాలేదు. మూడోసారి చూసే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

ఇప్పుడు అంగట్లో పొట్లం కొనుక్కుంటే ఏ ఇంట్లో కలిపినా ఒకటే నీలం, ఎవరి చేతినీ అనుమానించే పని లేదు. మంచిదే. కానీ ఒకే పొయ్యి దగ్గర ఏడేళ్లు పక్కపక్కన కూర్చుని, ఎవరి తప్పు వాళ్లం దాచుకున్నాం. ఆ తప్పు నాదో, అత్తగారిదో, అసలు ఇద్దరిదీ కాదో నాకు ఈనాటికీ తెలియదు. మామగారు మాత్రం అది తనదేననుకుని పోయారు.